టిక్కు మేడమ్ చదివించిన ఫైలు

మా ఆయన అక్కగారిని అందరూ టిక్కు మేడమ్ అంటారు. నాకు వదిన. ఫ్రెంచిలో రాసిన ఆసుపత్రి ఫైళ్లను ఇంగ్లీషులోకి మార్చడం ఆవిడ పని. ఆ ఫ్రెంచి డాక్టర్లు పూర్తి మాటలు రాయరు, పొడి అక్షరాలు గీసి వదిలేస్తారు. బీపీకి రెండక్షరాలు, పాత జబ్బులకు నాలుగు. "రోగి ప్రాణం పోతున్నా వీళ్ల బద్ధకం పోదు" అని నవ్వేది వదిన.

మార్చాక సరిచూడటానికి ఇద్దరు కావాలి. ఒకరు అసలు కాగితంలోని అక్షరాలు, అంకెలు పైకి చదువుతారు. రెండోవారు టైపు చేసిన దాంట్లో అదే ఉందో లేదో చూసి టిక్కు పెడతారు. అయిదో తరగతితో బడి మానేసిన నన్ను చదవడానికి పెట్టుకుంది.

"తెలిసినవాళ్లు ఉన్నది చదవరు, ఉండాల్సింది చదువుతారు. నీ తెలియనితనమే నీ డిగ్రీ" అనేది. నలుగురిలోనూ అనేది.

ఆరేళ్లు అలా చదివాను. ఆవిడ టైపు చేస్తూ గొణుక్కునే మాటలు విని చాలావాటికి అర్థాలు తెలిసిపోయాయి. తెలుసని ఎప్పుడూ బయటపడలేదు.

నా కూతురు ఉద్యోగానికి వెళ్లిన ఫ్రెంచి మాట్లాడే దేశంలో పేగు పగిలి, మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయింది. మేం వెళ్లేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే పోయిందన్నారు. నొప్పికి మందే ఇవ్వలేదని పక్క మంచం ఆవిడ చెప్పడంతో మా ఆయన ఫిర్యాదు పెట్టారు. విచారించే డాక్టర్లు బయటి దేశంవాళ్లు, ఫ్రెంచి రాదు, ఫైలు ఇంగ్లీషులో పంపమన్నారు.

వదినే మార్చింది. ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి ఫైలు నా ముందుకు తోసింది.

"దీన్ని ఇంకెవరిచేతనైనా చదివించండి వదినా."

"ఇంకెవరున్నారు? కళ్లు తుడుచుకుని కూర్చో. కాగితం తడిస్తే అక్షరాలు చెరిగిపోతాయి."

కూర్చున్నాను. మొదటి పేజీ ఎలాగో గడిచింది. రెండో పేజీలో ఈ, వి, ఏ అని రాసి పక్కన తొమ్మిది వేసి ఉంది. ఆ మూడక్షరాలూ నాకు తెలుసు. పదికి ఎంత నొప్పి ఉందని అడిగితే రోగి చెప్పే అంకె అది.

"ఈ, వి, ఏ. రెండు" అన్నాను.

వదిన పెన్ను కదల్లేదు. "మళ్లీ చదువు."

"రెండు."

"మళ్లీ."

"రెండేనండీ వదినా."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే అర్థం తెలుసన్నమాట నీకు. గుంభనంగా బాగానే నేర్చుకున్నావు."

నేను తలెత్తలేదు.

"నర్సు వేసుకున్న అంకె కాదది. నీ కూతురు దాని నోటితో అది చెప్పుకున్నది. మూడు రోజులు చెబుతూనే ఉంది, ఒక్కళ్లూ వినలేదు. ఇప్పుడు కన్నతల్లివి, నువ్వు కూడా దాని నోరు నొక్కు. నొక్కి పంపుదాం, వాళ్లకీ సుఖంగా ఉంటుంది."

ఏం మనిషి అనుకున్నాను. పళ్లు బిగించుకుని ఆ గడి మీద వేలు పెట్టాను.

"తొమ్మిది."

టిక్కు పెట్టింది. కాగితంలో నాలుగు గంటల తరువాతి వరసలో మళ్లీ తొమ్మిది. టిక్కు. ఆ తరువాత పది. ప్రతి అంకె పక్కనా ఏ మందు ఇచ్చారో రాయాల్సిన గడి ఉంది. అందులో ఏమీ లేదు. నేను కింది వరసకి దిగబోయాను.

"ఖాళీగా ఉంటే ఖాళీ అని పైకి చెప్పాలి" అంది వదిన.

చెప్పాను. ఆ ఫైలు అయ్యేలోగా పద్నాలుగు సార్లు చెప్పించింది. నేను చదవలేక ఆగినప్పుడల్లా మంచినీళ్లు ఇచ్చి, ఆ వరస మళ్లీ మొదటినుంచి చదవమంది.