ఉల్లిపాయల బస్తాల కింద నా కుట్టు మిషను

మా పెద్దమ్మాయి స్కూల్ వార్షికోత్సవానికి అద్దెకు తెచ్చిన పరికిణీ, తీరా స్టేజీ ఎక్కబోయే ముందు నడుం దగ్గర ఫట్టున చిరిగింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. టీచరు పిన్నీసులు తెచ్చి ఇచ్చారు. గెంతులేసే పిల్లకి పిన్నీసులేంటండీ అని, గేటు పక్క కొట్లో సూదీ దారం కొనుక్కొచ్చి, వరండాలో బెంచీ మీద పిల్లని నిలబెట్టి కుట్టేశాను. ఆలోచించకుండానే దారం ముడి పడింది. కుట్లు ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా వచ్చి కూర్చున్నాయి. పిల్ల డాన్సు చేస్తున్నంతసేపూ అందరూ స్టేజీ వైపు చూస్తుంటే నేను నా వేళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. ఇవి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నాయి? అంట్లు తోమాయి, లంచి బాక్సులు కట్టాయి, తడి బట్టలు పిండాయి.

ఇంటికొచ్చాక మా ఆయనతో అన్నాను.

"ఏవండీ, నా మిషను తెచ్చేసుకుందామండీ."

"ఏ మిషను?"

"నా కుట్టు మిషనండీ."

"ఓ, అదా! అక్క దగ్గరుంది కదా. ఇప్పుడది దేనికి?"

ఏ మిషను అని అడిగాడు చూడండి, నాకు అక్కడే ఒళ్ళు మండింది.

మాది కొల్లేరు ఒడ్డున చిన్న ఊరు. నాన్న చేపల చెరువుల మీద పనిచేసేవాడు. ఒక ఏడాది చేపల పట్టుబడి బాగుందని ఏలూరు వచ్చి నాకోసం కాలుమిషను కొన్నాడు. లారీ మీద తీసుకొచ్చి గుమ్మం ముందు దింపుతుంటే మా వీధి వీధంతా చూడ్డానికొచ్చింది. అమ్మ నేర్పింది నాకు. వానాకాలం నీళ్ళు రోడ్డెక్కాయంటే మా ఊళ్ళోకి బస్సు రాదు, బడి ఉండదు. గుమ్మంలో మిషను వేసుకుని, ఎదురుగా నీళ్ళ మీద కొంగలు వాలుతుంటే చూస్తూ కుట్టుకునేదాన్ని. గౌన్లు, దిండు గలీబులు, అమ్మ జాకెట్లు, పాత చీరలతో కర్టెన్లు. కుడుతూ ఉంటే ఎవరేం పిలిచినా వినబడేది కాదు. పెళ్ళయ్యి ఏలూరు వచ్చినప్పుడు మిషను నాతోనే వచ్చింది. మొదట్లో కుట్టేదాన్ని కూడా. తర్వాత పెద్దపిల్ల పుట్టింది, కాస్త తగ్గింది.

రెండో కాన్పుకి పుట్టింటికెళ్ళి, చంటిదాన్ని ఎత్తుకుని తిరిగొచ్చేసరికి కిటికీ పక్కన నా మిషను ఉండాల్సిన చోట వాషింగ్ మిషను ఉంది. అడిగితే మా అత్తగారు చాలా మెత్తగా చెప్పారు. "ఎక్కడికి పోతుందమ్మా, మన పిల్ల దగ్గరే ఉంది. తాడేపల్లిగూడెం పంపించాను. నువ్వెలాగూ వాడట్లేదు కదా." అప్పటికి నాకు కాన్పు నీరసం కూడా తీరలేదు. ఒళ్ళో పసిది ఏడుస్తోంది. పోట్లాడే ఓపిక లేదు. ఆ తర్వాత ఎప్పుడెత్తినా, ఇప్పుడు దేనికి అనే మాటే. పిల్లలు కాస్త పెద్దవ్వనీ అనేవారు. పిల్లలు పెద్దవుతూనే ఉన్నారు.

డాన్సు అయిన మర్నాడు అత్తగారితోనే అన్నాను, వెళ్ళి తెచ్చుకుంటానండీ అని.

"ఇచ్చిన వస్తువు వెనక్కి అడుగుతారా అమ్మా ఎవరైనా?"

"నేనివ్వలేదండీ అత్తయ్యగారూ."

ఆవిడ టీవీ వైపు తిరిగిపోయారు.

పిల్లల్ని స్కూలుకి పంపించి రైలెక్కాను. తాడేపల్లిగూడెంలో దిగి ఆటోలో వదినగారింటికి వెళ్ళాను. ఈవిడ మా ఆయన అక్క. వాళ్ళాయనకి, అదే అన్నయ్యగారికి, ఉల్లిపాయల వ్యాపారం. వీధి మొదట్లోకి వచ్చేసరికే ఇల్లు తెలిసిపోతుంది వాసనకి.

"రా అమ్మా, రా. చెప్పాపెట్టకుండా వచ్చావేంటి? ఎండలో పడి వచ్చావు, మజ్జిగ తాగు."

"మిషను తీసుకెళ్దామని వచ్చానండీ వదినగారూ."

ఆవిడ నవ్వారు. "అదెప్పుడో పాడైపోయిందమ్మా. దాన్నేం చేసుకుంటావు?"

"మీరు కుట్టుకోవడానికే కదండీ తెచ్చుకున్నారు?"

"నాకు కుట్టడం ఎక్కడొచ్చు? మా అమ్మాయికి నేర్పిద్దామనుకున్నాను. అది ముట్టుకుంటేగా!"

నేను మజ్జిగ తాగలేదు. లేచి పెరటి వరండాలోకి వెళ్ళాను. బల్ల మీద ఉల్లిపాయల బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కింద ఇనప కాళ్ళు చూసి గుర్తుపట్టాను. మిషను తలకాయ పక్కన నేల మీద పడుకోబెట్టి ఉంది, దాని మీద చీపురు. సొరుగు లాగితే ఉల్లిపొట్టు గుప్పుమని ఎగిరింది. తోలు బెల్టు ఏదండీ అంటే, దండెం తెగితే కట్టామమ్మా అన్నారు. తలెత్తి చూశాను. ఎండిన తువ్వాళ్ళ మధ్య వేలాడుతోంది.

కొట్టాలనిపించింది. ఎవరినని కాదు, ఆ బస్తాలనైనా సరే. ఆవిడ కుట్టుకుని ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. ఒక్క లంగా, ఒక్క గలీబు కుట్టి ఉన్నా క్షమించేదాన్ని. ఎవరికీ అక్కర్లేని వస్తువుని, నాకు మాత్రమే కావలసిన వస్తువుని, నా దగ్గర్నుంచి తీసుకెళ్ళి బస్తాల కింద పెట్టారు.

కొంగు బిగించి ఒక్కో బస్తా కిందికి లాగాను. "అయ్యో అయ్యో, మీ అన్నయ్యగారు వచ్చాక దింపుతారులే, ముందు భోంచెయ్యి" అంటూ వదినగారు వెనకాలే తిరిగారు. నేను ఇంకో బస్తా లాగాను. నోరు తెరిస్తే ఏం మాటలు వస్తాయో నాకే తెలియదు. సందు చివర ట్రాలీ ఆటో మాట్లాడుకుని, కాళ్ళూ బల్లా తలకాయా ఎక్కించి, డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆటో ఏలూరు దారి పట్టకముందే మా ఆయన ఫోను.

"అక్క ఏడుస్తోంది. వెళ్ళి గొడవ చేశావట?"

"నేనొక్క మాట కూడా అనలేదండీ."

"అనకపోతే ఎందుకేడుస్తుంది?"

ఫోను పెట్టేశాను. మా పెళ్ళయ్యాక ఆయన మాట్లాడుతుండగా నేను పెట్టేయడం అదే మొదలు.

ఏలూరులో మిషన్లు బాగుచేసే సాయిబుగారు తలకాయ విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, కొత్త బెల్టూ సూదీ వేసి ఇంటికి పంపించారు. వాషింగ్ మిషను బాత్రూం పక్కకి జరిపించాను. అత్తగారు చూస్తూ కూర్చున్నారు. పాత దుప్పటి ముక్క పెట్టి తొక్కితే మొదట దారం చిక్కుపడింది. రెండోసారీ చిక్కుపడింది. తర్వాత దారి దొరికింది. ఆ చప్పుడు, ఆ నూనె వాసన, వేళ్ళ కింద నుంచి గుడ్డ జారిపోవడం. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. చిన్నది వచ్చి చక్రం తిప్పుతానని గొడవ. ఆ నెలంతా పిల్లలిద్దరికీ కుచ్చుల గౌన్లు కుట్టాను, కుట్టినవి విప్పాను, మళ్ళీ కుట్టాను. కూర అడుగంటితే అంటింది.

అంతలోనే మొదలైంది. ముందు అత్తగారి లంగాలు. పెద్దావిడ, సరే. తర్వాత పక్కింటావిడ చీరకి ఫాల్. "ఖాళీగానే ఉంటారు కదండీ." ఆపైన మా ఆయన ఒకరోజు ఎంతో ఉత్సాహంగా, గేటుకి బోర్డు పెడదామన్నాడు. లేడీస్ టైలర్ అని.

"వద్దండీ."

"మరి ఊరికే ఎందుకు కుట్టడం? నాలుగు డబ్బులొస్తాయి కదా."

"మీరు ఊరికే క్రికెట్ చూడరా అండీ? నేనెప్పుడన్నా అడిగానా, ఎందుకని?"

ఆయనకి అర్థం కాలేదు. క్రికెట్‌కీ దీనికీ సంబంధమేంటి అన్నాడు.

చివరికి తాడేపల్లిగూడెం నుంచి ఎవరో తెలిసినాయన చేత ఒక సంచీ వచ్చింది. నిండా జాకెట్ గుడ్డలు, పైన కొలత జాకెట్టు. వెనకే వదినగారి ఫోను. స్పీకర్ పెట్టి మా ఆయన నా ముందు పట్టుకున్నాడు.

"మిషను ఎలాగూ నువ్వే పట్టుకెళ్ళావు కదమ్మా, గణపవరంలో మన చుట్టాల పెళ్ళి టైముకి అందేలా చూడు."

"నేను కుట్టనండీ వదినగారూ. సంచీ వెనక్కి పంపిస్తాను."

"అదేంటమ్మా, ఇంట్లో మనిషివి..."

"ఇంట్లో మనిషినే కదండీ. నా మిషను తీసుకెళ్ళేటప్పుడు ఎవరైనా నన్ను అడిగారా? నా పిల్లలకి కుడతాను, నాకు కుట్టుకుంటాను. బుద్ధి పుడితే అత్తయ్యగారికి కుడతాను. నాకు పుట్టాలి బుద్ధి. చెబితే కుట్టను."

మా ఆయన ఫోను కట్టేశాడు. గొంతు పెంచావన్నాడు. పెంచాను. అత్తగారు రెండు వారాల పాటు తనకి కావలసినవన్నీ నాకు పిల్లలతోనే చెప్పించారు. సంచీ మాత్రం వెళ్ళిపోయింది.

ఆ పెళ్ళికి నా జాకెట్టు నేనే కుట్టుకున్నాను, ఆకుపచ్చ పట్టు మీద గులాబీ రంగు పైపింగ్. చంక దగ్గర బిగుతొస్తే విప్పాను. మళ్ళీ బిగుతొస్తే విసిరికొట్టి, మర్నాడు తీసి సరిచేశాను. గణపవరంలో భోజనాల దగ్గర వదినగారు నా ఎదురు వరసలో కూర్చున్నారు. నన్ను చూసి తల తిప్పుకున్నారు. చేతులు కడుక్కుంటుంటే వాళ్ళమ్మాయి మెల్లగా నా పక్కకొచ్చింది.

"అత్తా, నీ జాకెట్టు ఎక్కడ కుట్టించావో అమ్మ అడగమంది."

"నేనే కుట్టుకున్నానని చెప్పు. నాకు మాత్రమే కుట్టుకుంటానని కూడా చెప్పు."

ఆ పిల్ల సగమే చెప్పిందో, మొత్తం చెప్పిందో తెలియదు. నేను తాంబూలం తీసుకుని, పిల్లల్ని వెతుక్కుంటూ బయటికి వచ్చేశాను.