మినుములు చల్లే వారం

2022 డిసెంబరు. విజయవాడలోని ఒక ఆసుపత్రిలో నేను రేడియేషన్ టెక్నాలజిస్టుని. డాక్టరు రాసిన మోతాదు ప్రకారం క్యాన్సర్ రోగిని యంత్రం కింద సరిగ్గా పడుకోబెట్టి కిరణాలు ఇవ్వడం నా పని. మా వైపు దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మోతాదుల వెనక లెక్కలు నాకెవరూ నేర్పలేదు. కుతూహలం కొద్దీ పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నాను.

కోటేశ్వరరావు గారు దివిసీమ రైతు. గొంతు క్యాన్సర్. మోతాదును ‘గ్రే’లలో కొలుస్తాం. ఆయనకు మొత్తం డెబ్భై గ్రేలు: రోజుకు రెండు చొప్పున, వారానికి ఐదు రోజులు, ఏడు వారాలు. గుణదలలో చెల్లెలింట్లో ఉంటూ, భార్య సామ్రాజ్యం గారితో ఆటోలో వచ్చేవారు. మూడో వారం శుక్రవారం బల్ల దిగుతూనే బొంగురు గొంతుతో అన్నారు:

“వచ్చే వారం రానండి. వరి కోతకొచ్చింది, మినుములు చల్లాలి. ఆపై వారం రోజుకి రెండు కరెంట్లు పెట్టెయ్యండి, లెక్క సరిపోద్ది.”

“డాక్టరు గారు ఏమన్నారండీ?”

“కుదరదన్నారు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మీకు శని, ఆదివారాలు సెలవైతే ఏం కాదు, నాకు వారం కావాలంటే కుదరదా?”

మా డెల్టాలో కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లుతారు. చేలో తడి ఆరితే ఆ పంట లేనట్టే. ఆ విత్తనాలు ఆయన ఏనాడూ ఇంకొకరి చేతికి ఇవ్వలేదట. అందుకే నేనూ మినుముల దగ్గరే మొదలుపెట్టాను.

“కొత్త వంగడాల కోసం ఎండు మినుములకూ కరెంటు పెడతారండీ. రెండు మూడు వందల గ్రేలు.”

“మరి మొలుస్తాయా?”

“చాలావరకు. ఎండు గింజలో నీళ్లు తక్కువ, కణాలు నిద్రలో ఉంటాయి కాబట్టి అంత తట్టుకుంటాయి. తడి తగిలి లేచాక, పెరగడం కాసేపు ఆపుకుని, తెగిన డీఎన్ఏ పోగుల్ని ముందు అతుక్కుంటాయి. తెగిందని కబురు పంపే ప్రోటీను, అతికే ప్రోటీన్లు మినుములోనూ మనలోనూ చాలావరకు ఒకే కుదురువి.”

“అయితే మినపగింజకున్న తెలివి నా గొంతుకీ ఉందంటారు.”

“మంచి కణాలకుంది. జబ్బు కణాలకు అతుక్కోవడం అంత చేతకాదు. అందుకే రోజుకు రెండే. రెట్టింపు పెడితే మంచివీ అతుక్కోలేవు. శని, ఆదివారాల్లో మంచివి అతుక్కుంటాయి. వారమంతా మానేస్తే జబ్బువీ తేరుకుని పెరుగుతాయి.”

ఆయన్ని తీసుకెళ్లడానికి లోపలికొచ్చిన సామ్రాజ్యం గారు అందుకున్నారు.

“నేను చల్లుతాలే.”

“నీ చేత్తో కుప్పలు కుప్పలు పడతాయ్.”

“ముప్పయ్యేళ్లుగా కూరలో ఉప్పు కుప్పలు పడిందా?”

ఆయన నవ్వబోయి దగ్గారు.

సోమవారం ఒంటరిగా వచ్చారు. బుధవారం వెయిటింగ్ హాల్లో చూస్తే వీడియో కాల్‌లో ఉన్నారు. గట్టు మీంచి ఎవరో ఫోను పట్టుకుంటే, నడుము లోతు వరిలో ఆవిడ చల్లుకుంటూ పోతున్నారు. “ఎడంపక్క పల్చనైంది” అని ఈయన గొంతు పెగల్చుకుని చెబుతుంటే, వినిపించినా వినపడనట్టే ఆవిడ ముందుకు సాగిపోయారు.

ఒక్క రోజూ తప్పకుండా ఏడు వారాలూ పూర్తయ్యాయి. వేసవిలో చెకప్‌కి వచ్చినప్పుడు నా చేతిలో మినుముల సంచి పెట్టారు.

“ఎడంపక్క పల్చనే,” అన్నారు. మాట స్పష్టంగా వచ్చింది. వెనక నుంచి ఆవిడ, “ఈ గొంతు బాగుచేసింది దీనికా?” అన్నారు.

ఇదివరకు కొత్త రోగులకు శని, ఆదివారాలు సెలవని చెప్పేవాణ్ణి. ఇప్పుడలా చెప్పను. “ఆ రెండు రోజులూ డ్యూటీ మీ ఒంటిదండీ” అంటాను.