ఫర్వాలేదు గారి పంట నష్టం

ఆయనకు అమ్మానాన్నలు మంచి పేరే పెట్టారు కానీ అది ఓటరు కార్డు దాటి బయటికి రాలేదు. ఊరంతా ‘ఫర్వాలేదు గారు’ అనే పిలుస్తుంది. పిలవరూ మరి! నిచ్చెన మీంచి పడి కాలు విరిగితే, మోసుకెళ్తున్న నలుగురికీ దారి పొడుగునా "ఫర్వాలేదు, దింపండి, నడుస్తాను" అని ధైర్యం చెప్పిన మనిషాయె. పళ్ళ డాక్టరు పొరపాటున పుచ్చు పన్ను వదిలేసి పక్క పన్ను పీకేస్తే, "ఫర్వాలేదండీ, అదీ ఎప్పుడో ఒకప్పుడు ఊడేదేగా" అని ఆ డాక్టర్నే ఓదార్చి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈయనతో కాపురం చేస్తున్న ఇల్లాలి ఓపికకు దణ్ణం పెట్టాలి.

అలాంటి ఆయన పొలం మీదికి ఈసారి ఏరు వచ్చి పడింది. కోతకు వారం ఉందనగా మూడెకరాల మొక్కజొన్న నాలుగు రోజులు నీళ్ళలో నానింది. నీరు తీశాక చూస్తే కంకులన్నీ బూజు. కొట్టంలో దాచుకున్న విత్తనాలు సంచుల్లోనే మొలకెత్తి కుళ్ళిపోయాయి.

నష్టం రాసుకోవడానికి ఒక అధికారిణి వచ్చింది. పొలాల్లో మోకాలి లోతు బురద, అడుగు పెట్టే వీల్లేదు. అందుకని గట్టు మీదే నిలబడి రైతుల్ని ఒక్కొక్కరినీ అడిగి రాసుకుంటోంది. ముందున్నాయన గుండెలు బాదుకున్నాడు. తర్వాతాయన ఏకంగా చతికిలబడ్డాడు. ఇక మన ఫర్వాలేదు గారి వంతు. ఎండకు ఆ పిల్ల మొహం వాడిపోయి ఉండటం చూసి ఈయనకే జాలేసింది.

"ఫర్వాలేదమ్మా, ఏదో పావు వంతు పోయుంటుంది. నువ్వు ముందు కాసిని మంచినీళ్ళు తాగు."

ఆమె నీళ్ళు తాగి, పావు వంతని రాసుకుని వెళ్ళిపోయింది. మూడో వంతు దాటితేనే సాయం అందుతుందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

సంగతి తెలిసి భార్య నెత్తిన చేతులు పెట్టుకుంది. "లోకంలో రైతుకు సర్కారు సాయం చేస్తుంది. మీరు సర్కారుకే సాయం చేసొచ్చారు కదండీ!"

"అంతమందిలో పోయింది, పోయింది అని ఎలా అంటామే?"

"నోటితో! అందరూ దాంతోనే అంటారు."

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, విత్తనాలు కొనడానికి వాళ్ళకున్న దారి ఇదొక్కటే. సాయం రాకపోతే పొలం బీడు పడాల్సిందే.

తప్పు రాసి ఉంటే, వారం లోపల రైతే ఆఫీసుకు వచ్చి, తన నోటితో చెప్పి, సంతకం పెట్టాలట. భార్య మూడు రోజులు ఆయన చేత "పంటంతా పోయింది" అని వల్లె వేయించింది. "పంటంతా" దాకా బాగానే వచ్చేవాడు. అక్కడికి రాగానే ఎక్కడలేని దగ్గూ ముంచుకొచ్చేది.

నాలుగో రోజున ఆఫీసుకు లాక్కెళ్ళింది. అధికారిణి ఫైలు తెరిచి, "ఎంత పోయిందండీ?" అంది. భార్య మోచేత్తో పొడిచింది.

"పంటంతా పోయిందమ్మా," అన్నాడు. అని, ఆగలేదు. "ఒక్క కంకీ మిగల్లేదు. విత్తనాలూ పోయాయి. నీళ్ళు తీసిన రోజు మా ఆవిడ పొలంలో నిలబడి ఏడుస్తుంటే చూశాను. దగ్గరికెళ్ళి ఏం చెప్పాలో తెలీక గట్టు చాటున కూర్చుండిపోయాను. నాకు భయంగా ఉందమ్మా. ఈ వయసులో మళ్ళీ మొదలెట్టగలనో లేదో."

ఆయన కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మూడు రోజులుగా ఈ మాట కోసమే ఆయన ప్రాణం తోడేసిన భార్య ఆ మొహం చూసి తట్టుకోలేకపోయింది. చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుని అధికారిణి వైపు తిరిగింది.

"అంతేం కాదులేమ్మా! అక్కడక్కడా కొంచెం మిగిలిందిలే..."

"అమ్మా, చెప్పాల్సింది ఆయన. మీరు కాసేపు మాట్లాడకండి," అంటూ అధికారిణి మొత్తం పోయిందనే రాసి, కాగితం ఆయన ముందుకు జరిపింది. సంతకం పెట్టాల్సిన చేతిని మాత్రం భార్య ఇంకా వదల్లేదు.