చీమల ఇంట్లో తేరగా తినే పురుగు... కాశింబీ చూసింది

మా చిన్నప్పుడు... జమ్మలమడుగులో మా బడి వెనక నీళ్లతొట్టి పక్కన నాపబండలు పరిచి ఉండేవి. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా అన్నాలకు ఇళ్లకు పరిగెత్తేవాళ్లు. కాశింబీ మాత్రం ఆ బండల మీద బోర్లా పడుకునేది.

కాశింబీ నా నేస్తం. ఇద్దరం నాలుగో తరగతి. వాళ్ల నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా.

"ఈడ రా మే... గమ్మున చూడు" అని ఒకరోజు నన్నూ పక్కన పడుకోబెట్టింది.

బండ అంచున పెచ్చు ఊడిన చోట గండుచీమలు తిరుగుతున్నాయి. వాటి మధ్య నువ్వుగింజంత పురుగు ఒకటి. రెక్కల్లేవు. వెనక కాళ్లు మాత్రం మిడతకున్నట్టు లావుగా ఉన్నాయి. అది ఒక చీమ దగ్గరికి పోయి మీసాలతో మూతి తట్టింది. చీమ నోరు తెరిచింది. పురుగు ఆ నోట్లోది నాకేసి చటుక్కున పక్కకు తప్పుకుంది...

"చూసినావా? ఒక్క గింజ మోయదు. చీమల ఇంట్లోనే తేరగా తింటాది, ఆడనే పండుకుంటాది."

"మరి చీమలు కరవవా?"

"మాటిమాటికీ పోయి చీమలకు ఒళ్లు రాసుకుంటాదిమే. దానికీ చీమల వాసనే వస్తాదేమో! మనదే లెమ్మని ఊరుకుంటాయి."

ఆమెకు ఇది ఎవరూ చెప్పలేదు. మా వాచకంలో లేదు. తొమ్మిదేళ్ల పిల్ల, నెల రోజులు మధ్యాహ్నం అన్నం ఆలస్యం చేసుకుని, కళ్లతో చూసి తెలుసుకుంది. చీమలు గుడ్లు మోసుకుని పక్క బండ కిందికి మారిన రోజు, ఆ పురుగు కూడా బారులో వాటి వెంటే పోయిందని నాకు చూపించింది. నేను చూశాను... ఈ రెండు కళ్లతో చూశాను.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం కొత్త. ఆ ఏడు బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "చీమను చూసి ఏం నేర్చుకోవాలి?" అని అడిగాడు. మా అయ్యవారు వారం ముందే బట్టీ పట్టించాడు. "కష్టపడాలి, కలిసి ఉండాలి, దాచుకోవాలి" అని అందరం ఒక్క గొంతుతో అరిచాం.

కాశింబీ లేచి నిలబడింది.

"చీమల ఇంట్లో కష్టపడకుండా తినేది గూడా ఒకటుండాది సార్."

తరగతంతా ఘొల్లుమంది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "నువ్వు కాక ఇంకెవరన్నా చూశారా?" అన్నాడు.

కాశింబీ నా వైపు తిరిగింది. అయ్యవారు కూడా నా వైపే చూశాడు. ఆ కళ్లు చూసి నేను తల దించుకున్నాను...

ఇన్‌స్పెక్టరు జీపు మలుపు తిరిగిందో లేదో, అయ్యవారు చింతబరికె తీశాడు. "ఇన్‌స్పెక్టరు ముందర నా పరువు తీస్తివి గదే! చీమలకు చుట్టాలంట, చుట్టాలు!" రెండు అరచేతులూ వాతలు తేలాయి. అది ఏడవలేదు. "నేను చూపిస్తా రాండి అయ్యవారూ" అంది.

వచ్చాడు. చూడటానికి కాదు... జవానుతో బండ ఎత్తించి, కాగే నీళ్లు బిందెడు పోయించాడు. "ఊఁ, ఇప్పుడు చూపియ్."

వాతలు తేలిన వేళ్లతో, ఆవిరి పోయే బురదలో, చచ్చిన చీమల్ని ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ ఆ పిల్ల వెతుకుతూ కూర్చుంది. మేం చుట్టూ నిలబడి చూస్తూ ఉండిపోయాం. పురుగు దొరకలేదు.

మరునాడు వాళ్ల నాయన వచ్చాడు. చేతులకు మసి... "నా బిడ్డ అబద్ధం చెప్పదు అయ్యవారూ" అన్నాడు. "అబద్ధాలు నేర్చిన పిల్ల నా బడిలో వద్దు. తీసకపో" అన్నాడు అయ్యవారు. అంతే. కాశింబీ పలక చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను బడికి పోతూ చూసేదాన్ని... కొలిమి దగ్గర కూర్చుని తిత్తి ఊదుతుండేది. నేను అవతలి పక్క నుంచి నడిచేదాన్ని.

ఎన్నేళ్లకో నేను ప్రొద్దుటూరులో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరునయ్యాను. ఒకరోజు జంతుశాస్త్రం పుస్తకం తిరగేస్తుంటే బొమ్మ కనబడింది. అదే పురుగు. చీమల పుట్టల్లో బతికే చిన్న కీచురాయి అట! చీమల వాసన పట్టించుకుంటుందట, వాటి నోటి నుంచే తింటుందట. ఎవరో పెద్ద చదువులు చదివినవాళ్లు కనిపెట్టారని రాశారు. నా ఒళ్లు మండిపోయింది. ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి అయ్యవారి ముఖాన కొట్టాలనిపించింది. ఆయన అప్పటికే పోయాడు. పెద్ద మాస్టారని ఊరంతా పొగిడి మరీ సాగనంపారు!

కాశింబీని పులివెందులలో ఇచ్చారని విని బస్సెక్కి వెళ్లాను. చంకలో బిడ్డతో తలుపు తీసింది. బొమ్మ చూపించాను. వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూసింది.

"కాళ్లు బాగ ఏసినారు. మీసాలు తప్పు... ఇంకా పొడుగుంటాయి."

"నువ్వు చెప్పిందే నిజం కాశింబీ" అన్నాను.

"నాకు తెల్దా ఏంది? నువ్వు గూడా చూసినావు గదమే... ఆ పొద్దు ఒక్క మాట చెప్పింటే సాలు."

తిట్టినట్టు అనలేదు. టీ పెడతానని లోపలికి పోయింది. నేను గడపలో నిలబడి, అయ్యవారి మీద పెంచుకున్న కోపమంతా ఎవరి మీదకు తిప్పుకోవాలో వెతుక్కున్నాను.

ఇప్పుడు పిల్లలు చేతిలో ఫోను పట్టుకుని చీమ మీసాన్ని కూడా ఫొటో తీస్తారు. సాక్షి అక్కర్లేదు. ఆ రోజు కాశింబీకి ఉన్న సాక్షిని నేనొక్కదాన్నే...

మీ తరగతిలో కూడా నిజం చెప్పి దెబ్బలు తిన్న పిల్లో పిల్లాడో ఉండే ఉంటారు. వాళ్ల పేరు కింద రాయండి. అప్పుడు మీరేం చేశారో అది కూడా రాయండి... దాచకుండా.