చీరల షాపులో రీసెర్చి ఇంటర్వ్యూ

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతాను. నిరుడు, జపాన్ ప్రొఫెసర్ యూకీతో కలిసి, చీరలకు వాడే సహజమైన రంగుల మీద పరిశోధనకు ఒక విదేశీ సంస్థను నిధులు అడిగాం. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చోబోతుండగా మా ఇంట్లో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ పట్టుకుని వీధి చివర మా మేనమామ చీరల షాపుకు పరుగెత్తాను. అక్కడ ఇన్వర్టర్ ఉంది.

తెర మీద నిధులిచ్చే కమిటీ, జపాన్ నుంచి యూకీ ఉన్నారు. ఇంటర్వ్యూ బాగానే సాగుతోంది. ఇంతలో నా వెనక ఒకావిడ పోచంపల్లి చీర విప్పి, "సేటూ, గీ రంగు పోతదా?" అని గట్టిగా అడిగింది.

"గా మేడమ్‌ని అడుగున్రి. మా కోడలే. రంగుల మీదనే రీసెర్చి చేస్తున్నది!" అని మామ గర్వంగా నన్ను చూపించాడు.

ఆవిడ చీరతో సహా కెమెరా ముందుకొచ్చేసింది. "చెప్పు మేడం, పోతదా, పోదా?"

మ్యూట్ చేద్దామంటే కీబోర్డంతా చీర కప్పేసింది. ఆవిడేమంటోందని కమిటీ అధ్యక్షురాలు అడిగింది. తప్పక ఇంగ్లీషులో చెప్పాను.

"మరి మీ జవాబేంటి?" అంది అధ్యక్షురాలు.

నేను నోరు తెరిచేలోపే, "అది తేల్చడానికేగా నిధులు అడుగుతున్నాం!" అనేసింది యూకీ.

అందరూ పకపకా నవ్వారు. నిధులు మంజూరయ్యాయి.

"మా కోడలికి ఫారిన్ పైసలు ఇప్పిచ్చింది నేనే," అని మామ ఎల్బీనగర్ దాకా చాటుకుంటున్నాడు. నిజం చెప్పొద్దూ, కాదనడానికి నాకు నోరు రావడం లేదు.