అవ్వ ఎక్కిన ఫట్‌ఫటీ

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు గేటు ముందు హారన్ మోగించి మా ఇద్దరినీ బయటికి రప్పించింది. మొదటి ఉద్యోగం, మొదటి బండి. అదీ ఎవరో కొన్నాళ్లు వాడుకుని అమ్మేసిన మోటారుసైకిలు. ట్యాంకు మీద గీతలు, సీటుకు ఒక మూల చిరుగు. అయితేనేం, దాని పక్కన నిలబడ్డ ఆ పిల్ల మొహం చూస్తే షోరూములోంచి కొత్త బండి తెచ్చుకున్నవాళ్లు కూడా కుళ్లుకోవాల్సిందే. “తాతా, తక్కువ ఖర్చుల దీనికి ఏమేం చేయించాలె?” అంది. నన్ను ఆ మాట అడగడమే పొరపాటు. కుర్చీ వరండాలోకి లాక్కుని మొదలుపెట్టాను. అన్నిటికంటే ముందు తలకు మంచి హెల్మెట్టు కొను. తర్వాత టైర్లు చూడు. టైరు మీది గాడులు ఎంత లోతుగా కనిపించినా, పక్కన పగుళ్లుంటే మొహమాటపడకుండా మార్చెయ్. బ్రేకు లైనర్లు, క్లచ్చు వైరు, చైను, ప్లగ్గు, వీటికి పెట్టే ఖర్చు పైకి కనపడదు గానీ నిన్ను ఇంటికి చేర్చేవి అవే. స్టిక్కర్లూ రంగు లైట్లూ ఆ తర్వాతి సంగతి. ఇంత ధాటిగా చెబుతుంటే పక్కన నిలబడ్డ మా ఇంటావిడ ఊరుకోలేదు. “మీ తాత తన బండికి మొదాలు ఏం పెట్టిచ్చిండో గది గూడ అడుగు బిడ్డా” అంది.

నేను మొదట పెట్టించింది కుచ్చులు. హ్యాండిల్ రెండు కొనలకూ ఎరుపూ పసుపూ ప్లాస్టిక్ కుచ్చులు. డెబ్బైల చివరి మాట ఇది. అప్పుడు మేము ఛత్రినాకలో ఉండేవాళ్లం, నేను నయాపూల్ దగ్గర కోర్టులో గుమాస్తాని. మా ఆఫీసులో రిటైరైన హెడ్డు గుమాస్తా తన బండి అమ్ముతున్నాడని తెలిస్తే, ఇంట్లో ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లి కొనుక్కొచ్చేశాను. మా దిక్కున దాన్ని మోటారుసైకిలు అని ఎవరూ అనేవారు కాదు, ఫట్‌ఫటీ అనేవారు. పేరు నిలబెట్టే బండి అది. నేను సందు మొదట్లో ఉండగానే మా అమ్మకు వినపడి పొయ్యి మీద చాయ పెట్టేది. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా అందులో ఇంత ఆయిలు కలపాలి. ఎక్కువైతే వెనకాల వచ్చేవాళ్లకు పొగ, తక్కువైతే ఇంజనుకు ముప్పు. కొన్న మర్నాడు పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద మొదటిసారి పై గేరు పడ్డప్పుడు, కుచ్చులు గాలికి లేచి నా చేతులకు కొట్టుకుంటుంటే, నేను ఒక్కణ్నే పైకి నవ్వేశాను. పాలు పోసే అతను ఆగి మరీ నా వంక చూశాడు. ఎంత సంతోషమో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

ఆ నెలలోనే కార్వాన్‌లో ఒక సంబంధం ఉందని కబురొచ్చింది. పిల్ల టైపు పాసైంది, తండ్రి సర్కారు ప్రెస్సులో కంపోజిటరు. అమ్మను రిక్షాలో పంపి నేను బండి మీద వెళ్లాను. అదే నా కొంప ముంచింది. చాయ ఇచ్చారు, మిక్చర్ పెట్టారు, పిల్ల వచ్చి కూర్చుంది. తల వంచుకుని కూర్చుందనే అందరూ అనుకున్నారు. నేను మాత్రం కనిపెట్టాను, ఆ పిల్ల ఓరకంట కిటికీలోంచి బయట నిలబెట్టిన నా బండిని చూస్తోంది. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా, మళ్లీ అటునుంచి ఇటు. నాకు అక్కడే మనసు పడిపోయింది. అప్పటిదాకా ఆ బండిని నాలాగా చూసిన మనిషి ఇంకొకరు తగల్లేదు నాకు.

పిల్ల తండ్రి ఖాళీ కప్పు కింద పెట్టాడు. “పిలగాడు మంచిగున్నడు, నౌకరి మంచిగున్నది. గని గా ఫట్‌ఫటీ ఒక్కటి నాకు నచ్చలె. మా గల్లీల ఒక పోరడు దాని మీదికెల్లి పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు. అది అమ్మేసి సైకిల్ కొనుక్కుంటనంటె మాట్లాడుదాం” అన్నాడు. పిల్ల కావాలి నాకు. బండీ కావాలి. సరే అనమని అమ్మ నా మోచెయ్యి పొడుస్తోంది. అప్పుడు గోడకు ఆనుకుని వక్కలు కత్తిరిస్తున్న అవ్వ, అంటే ఆ పెద్దమనిషి తల్లి, అడకత్తెర పక్కన పెట్టింది. “తప్పు బండిదా, తోలెటోనిదా? వచ్చే ఐతారం నన్ను ఎక్కిచ్చుకొని తోలమను. నేను జూస్త” అంది.

“ఏందమ్మా, గీ వయసుల ఫట్‌ఫటీ ఎక్కుతవా? పడితె?” అన్నాడు కొడుకు.

“పిల్ల పడితె బతుకంత కుంటాలె. నేను పడితె ఎన్నొద్దులు కుంటుత? నేనే ఎక్కాలె” అంది అవ్వ.

మర్నాడు ఆఫీసు వదలగానే పురానాపూల్ దగ్గరున్న మెకానిక్ ఉస్తాద్ షెడ్డుకు పరిగెత్తాను. మా వైపు బండ్లన్నీ ఆయన చేతిలోవే. నా బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, “క్యా మియా, గాడీ లాయే కీ మరీజ్ లాయే?” అన్నాడు. బండి తెచ్చావా, రోగిని తెచ్చావా అని. సంగతి చెప్పాను. ఒక ముసలామె దీనిమీద ఎక్కాలి, ఆమె దిగేసరికి నా పెళ్లి ఖాయం కావాలి. అంతే, ఉస్తాద్‌కు నాకంటే ఎక్కువ హుషారొచ్చింది. “ఫికర్ నకో కరో. షాదీ మేరే జిమ్మే” అన్నాడు. దిగులు పడొద్దు, పెళ్లి పూచీ తనదేనట. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం మేమిద్దరం లారీ హారన్ గురించే మాట్లాడుకున్నాం. లారీ హారన్ బిగిస్తే దారి దానంతట అదే ఖాళీ అవుతుందని ఆయన, దానికి జోడుగా ముందు పచ్చ లైటు పెడితే బాగుంటుందని నేను. చీకటి పడుతుండగా ఆయన యథాలాపంగా బ్రేకు మీద కాలేశాడు. అది అడుగుకంటా దిగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. హారన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ వారమంతా నాకు ఆఫీసు ధ్యాస లేదు. రెండు చక్రాలకూ బ్రేకు లైనర్లు మారాయి, పీచులు లేచిన వైర్లు మారాయి. వెనక టైరు నున్నగా గుండైపోయి ఉంది. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి గురువారం జుమ్మెరాత్ బజార్‌కు పోయి, పాతవాటిలో మంచిదాని కోసం ఎండలో తిరిగాను. పాత టైరు కొనేటప్పుడు గాడులు చూసి మురిసిపోకూడదు, లోపల చెయ్యి పెట్టి తడమాలి, అతుకు వేసి ఉంటే వేలికి తగులుతుంది. ఆ తిరుగుడులోనే చీర చక్రంలో పడకుండా అడ్డుండే శారీ గార్డు ఒకటి దొరికింది. ఎడమపక్కకు తిరిగి కూర్చునే ఆడవాళ్లు రెండు కాళ్లూ పెట్టుకునే ఇనప పలక కూడా దొరికింది. దాన్ని చంకలో పెట్టుకుని పెళ్లికి నగ కొన్నవాడిలాగా నడిచొచ్చాను. సైలెన్సర్ చిల్లులకు ఉస్తాద్ అతుకులు వేసేసరికి ఫట్‌ఫట్ కాస్తా బుడబుడ అయింది. నాకు కొంచెం బాధేసింది గానీ దిగమింగుకున్నాను. శుక్రవారం బండిని ఇంటికి తెచ్చి అమ్మకు అన్నీ చూపించాను. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని తీరిగ్గా చూసింది. “అన్ని పెట్టిచ్చినవ్. మరి గా పెద్దమనిషి దేన్ని పట్టుకుంటది?” అని అడిగింది. నిజమే కదా! ఇంత హడావుడిలో మాకు ఆ మాటే తట్టలేదు. మళ్లీ షెడ్డుకు పోయి సీటు వెనక గట్టి కడ్డీ వంచి బిగించుకొచ్చాను. అమ్మ పాత చీరలు మడతలు పెట్టి కుట్టి సీటు మీద మెత్తగా వేసింది. కుచ్చులు క్లచ్చుకు చుట్టుకుంటాయని అవి కూడా తనే కత్తిరించి పారేసింది.

ఆదివారం పొద్దున కార్వాన్‌లో వాళ్ల సందంతా అరుగుల మీదే ఉంది. అవ్వ తల నున్నగా దువ్వుకుని, కాళ్లకు కడియాలతో, గోచీ కట్టిన చీరలో బయటికొచ్చింది. నేను బట్టల దుకాణంలో సేల్స్‌మన్‌లాగా అన్నీ చూపించాను. కాళ్లు దీని మీద పెట్టుర్రి అవ్వా, ఈ కడ్డీ పట్టుకోండ్రి, చీర చక్రంల పడదు, ఫికర్ లేదు. ఆమె అంతా శ్రద్ధగా విన్నది. విని, నా భుజం మీద చెయ్యి వేసి, ఆ ఇనప పలకను మెట్టులాగా తొక్కి, రెండో కాలు అవతలికి విసిరి మగవాళ్లలాగా అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుంది. వారమంతా నా కళ్లముందు పెళ్లిపిల్ల కుచ్చెళ్ల చీరే ఆడింది గానీ, గోచీ కట్టే మనిషి ఎట్లా కూర్చుంటుందో నాకు తట్టనే లేదు. “గట్ల ఒక్క దిక్కు కాళ్లేసుకుంటె బర్రె మీదికెల్లి గూడ పడ్తరు. చిన్నప్పుడు వాగు కాడికి బర్ల మీదనే పోయినదాన్ని నేను. పోనియ్” అంది అవ్వ. అరుగుల మీద నవ్వులు. పిల్ల తండ్రి మాత్రం నవ్వలేదు.

పురానాపూల్ ఎక్కేదాకా ఆమె నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకుంది, అంతే. అమ్మ అడిగి పెట్టించిన కడ్డీ కూడా వృథా అయిందన్నమాట. వంతెన మీద మూసీ గాలి తగలగానే ఆమె పైట కొంగు లేచి నా చెవికి కొట్టుకోవడం మొదలైంది. ముందు ఒక రిక్షా పోతోంది, దాన్ని దాటాం. “దాటినం! వాన్ని దాటినం పిలగా!” అని అవ్వ నా వీపు మీద ఒక్కటి చరిచింది. నాకూ ఊపొచ్చింది. ఏటి ఒడ్డు రోడ్డు మీద సైకిళ్లను దాటాం, జట్కాను దాటాం. దాటిన ప్రతిసారీ నా వీపు మీద ఒక దెబ్బ. “ఇంకింత ఉరికియ్యి. ఇంకింత” అని ఒకటే పోరు. నేను ఆక్సిలరేటరు తిప్పాను. ఇంకా తిప్పాను. చివరికంటా తిప్పాను. బండి మాత్రం తన నడక మార్చుకోలేదు. నయాపూల్ దగ్గరికి వస్తుండగా పక్కసందులోంచి అరటిపండ్ల తోపుడుబండి ఉన్నట్టుండి అడ్డం వచ్చింది. చేత్తో కాలితో రెండు బ్రేకులూ నొక్కేశాను. టైరు కీచుమంది. తోపుడుబండికి జానెడు దూరంలో ఆగాం. తిరిగి చూడటానికి భయం. వెనకనుంచి, “ఆగింది. మంచిగనే ఆగింది. ఇగ అరటిపండ్లు తీసుకో, ఇంటికి పోదాం” అంది అవ్వ.

మేము తిరిగొచ్చేసరికి పిల్ల తండ్రి గడపలో నిలబడి ఉన్నాడు. పురానాపూల్ దాకా పోయి రమ్మంటే ఇంతసేపా అని మొహం కందగడ్డలాగా చేసుకున్నాడు. అవ్వ బండి దిగలేదు. అరటిపండ్లు ఒళ్లో పెట్టుకుని, మీదినుంచే తీర్పు చెప్పింది. “పిల్లనియ్యి కొడుకా. ఇంకింత ఉరికియ్యి, ఇంకింత ఉరికియ్యి అని తొవ్వంత సతాయించిన. పోరడు ఉరికియ్యలె. ఎవ్వరో ఎగేస్తె ఎగిరే మనిషి గాదు.” ఆయన కనుబొమలు సర్దుకున్నాయి. మా అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే అయిపోయేది. కానీ నాలో ఏదో తన్నుకొచ్చింది. “నేను ఉరికిద్దామనే జూసిన అవ్వా. మొత్తం తిప్పిన. బండికే దమ్ము లేదు” అనేశాను.

పిల్ల తండ్రి మొహం మళ్లీ బిగుసుకుంది. మా అమ్మ చూపు చూస్తే, దగ్గర్లో ఉండి ఉంటే నన్ను మూసీలో తోసేసేదే. పెళ్లి పోయింది, నా చేతులారా పోగొట్టుకున్నాననుకున్నాను. ఆ నిమిషం నా కళ్లు నిజంగానే చెమర్చాయి. అప్పుడు తలుపు వెనకనుంచి ఫక్కున నవ్వు వినపడింది. పిల్ల గడపలోకి వచ్చింది. ఆ గొంతు నేను వినడం అదే మొదలు. “దమ్ము లేని బండి అయితె ఇగ భయమెందుకు బాపూ? ఉరుకుడు ఎట్లాగు రాదు. ఆగుడేమో మంచిగ ఆగుతున్నదట” అంది.

ఆయన కూతురి వంక చూశాడు, నా వంక చూశాడు. “చెప్పకుంటె అయిపోతుండె గద. ఎందుకు చెప్పినవ్?” అని అడిగాడు నన్ను. “నాకెరుక లేదు. నోట్లకెల్లి వచ్చేసింది” అన్నాను. ఆయన పెదవులు కదిలాయి. అది నవ్వేనని ఆ తర్వాతెప్పుడో మా ఇంటావిడ చెప్పింది గానీ, ఆ రోజు నాకు తెలియలేదు. “గిసొంటోని మాటల్ల అబద్ధాలు దేవులాడే పని లేదు. అమ్మా, నువ్వు ముందు దిగు, ముహూర్తం చూపిద్దాం” అన్నాడు. “దిగ. ఇంకొక్కపారి తిప్పుమను” అంది అవ్వ.

పెళ్లయిన మర్నాటినుంచి శారీ గార్డుకూ ఇనప పలకకూ పని తగిలింది. మా ఆవిడ ఎడమపక్కకు తిరిగి కూర్చుని, కడ్డీ పట్టుకుని, పండక్కి పుట్టింటికీ, పొద్దున టైపు ఉద్యోగానికీ, ఆ తర్వాత ఒళ్లో పిల్లను పెట్టుకుని ఆసుపత్రికీ ఆ బండి మీదే తిరిగింది. అవ్వ పోయేదాకా ప్రతి బోనాలకూ ఒక చుట్టు తిప్పించుకునేది. తిప్పించుకుని, ఈ బండికి ఎప్పుడు బలమొస్తదని నన్ను తిట్టేది. నిన్న సాయంత్రం మేమిద్దరం వరండాలో కూర్చుని అవన్నీ తలుచుకున్నాం. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే గానీ మెట్లు దిగలేకపోతున్నాం ఇప్పుడు. ఆ బండి మీద మేము ఎక్కడికీ తొందరగా చేరింది లేదు. ముసలితనానికి మాత్రం ఇంత తొందరగా ఎట్లా చేరామో మా ఇద్దరికీ అంతుపట్టడం లేదు.