ఎత్తేసేటప్పుడు మమ్మల్ని అడగలేదు

మందు బంద్ పెట్టమని ఆడవాళ్లం రోడ్డెక్కి అడిగాం. ఓట్లప్పుడు ఒక పెద్దాయన మాటిచ్చాడు, గెలిచి నిలబెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ ఎక్కినాయన ఖజానా ఖాళీ అని ఎత్తేశాడు. ఎత్తేసేటప్పుడు మా గుమ్మానికి ఒక్కరూ రాలేదు. నా కడుపుమంట అదే.

మేం కృష్ణానగర్‌లో ఒక్క గదిలో ఉండేవాళ్లం. నా మొగుడు షూటింగుల్లో లైట్లు మోసేవాడు. సినిమా పూర్తయి గుమ్మడికాయ కొట్టిన రోజు లైట్ల వాళ్లకు తలా ఒక సీసా ఇవ్వడం కంపెనీల మర్యాద. ఆ సీసాతో మొదలుపెడితే వారం దాకా పనికి పోడు. అడ్డం పోతే నా వీపు పగిలేది.

నిషేధం ఉన్నన్నాళ్లూ సీసాకు బదులు బిర్యానీ ఇచ్చారు. మొదటిసారి పొట్లం తెచ్చి, "తినే, నీ సర్కారు పెట్టిన బువ్వ" అని ఎక్కిరించాడు. ఇద్దరం నవ్వుకుంటూ తిన్నాం. ఆయన చెయ్యి వణకకుండా అన్నం కలపడం అప్పుడే చూశాను. జూబ్లీహిల్స్‌లో నేను గిన్నెలు తోమే ఇంట్లో డబ్బున్నోళ్లు తెచ్చుకునే మందు పర్మిట్ల మీద గ్లాసులు గలగలమంటూనే ఉన్నాయి. కానీ మా సందులో దుకాణం లేదు. మాకు అదే పదివేలు. ఇంకోసారి మందు ముడితే నా మొగుడు బతకడని డాక్టరు అప్పటికే చెప్పాడు.

నిషేధం పోయాక మొదటి గుమ్మడికాయ ఫిల్మ్‌నగర్‌లో. పొద్దున్నే సినిమా కంపెనీ మేనేజరు దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, మావోనికి సీసా ఇయ్యకుండ్రి. కార్జం ఖరాబైంది. నీ కాళ్లు మొక్కుత."

"అందరికీ ఇచ్చి అతనికి మానేస్తే గొడవమ్మా. ఆనవాయితీ కదా."

"రెండేండ్లు ఏడవోయింది నీ ఆనవాయితీ?"

"అప్పుడు నిషేధం. ఇప్పుడు గవర్నమెంటే వద్దనకపోతే నేనెవర్ని వద్దనడానికి?"

అంతలో నా మొగుడు వచ్చాడు. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవే?" అని అరిచి, అందరికంటే ముందు చెయ్యి చాచాడు. నెల తిరక్కుండా పోయాడు.

పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవి విస్తట్లో వేసి పిట్టకు పెట్టేటప్పుడు మరిది విస్తరి పక్కన కొత్త సీసా దించాడు.

"వదినె, అన్నకు మందంటే పానం. ఇది పెట్టకుంటే పిట్ట ముట్టదు."

"ముట్టకుంటే మానె! సర్కారు పోసింది సాలదా? నా చేతుల్తోని గూడ పొయ్యాల్నా?"

విస్తట్లో అన్నం, పప్పు మాత్రమే ఉంచాను. ముసలమ్మలు నోటికొచ్చినట్టు తిట్టారు. చాలాసేపు పిట్ట వాలలేదు. ఎండలో అలాగే కూర్చున్నాను గాని, సీసా మూత తీయనివ్వలేదు.